16 రోజుల్లో 8 ఊర్లు: చెల్లీ, ముందు సగం కొట్టెయ్

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. పెళ్లయి ఏడాది దాటింది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయనది ఇంటి నుంచే చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జనవరిలో సంక్రాంతి సెలవులు కలుపుకుని 16 రోజులు దొరికాయి. వీపున బ్యాగులు వేసుకుని బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్, క్రాబి, పెనాంగ్, కౌలాలంపూర్, సింగపూర్, బాలి చూసి రావాలని ఆయన గంటగంటకూ ప్లాన్ రాసి పెట్టాడు. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. నేను శాకాహారిని, ఈత రాదు. మా అత్తమ్మేమో ముక్కూ మొహం తెలియని ఊర్లలో మీ ఇద్దరే ఏం తిరుగుతారు, ప్యాకేజీ టూర్లో పోండి అంటుంది. నాకేమో అంత పరుగు మావల్ల అవుతుందా అని టెన్షన్. ఆ మాట అంటే నీకు భయం అంటాడు ఆయన. మొన్న దీని మీదే రెండు రోజులు మాట్లాడుకోలేదు. మొదటి నాలుగైదు రోజులు గట్టెక్కితే తర్వాత అదే అలవాటవుతుంది అనిపిస్తోంది. ఆ రోజులు ఎలా గడపాలో చెప్పు అక్కా.

సమాధానం: చెల్లీ, వెళ్లండి. ప్యాకేజీ వద్దు, మీరు అనుకున్నట్టే బ్యాగులు తగిలించుకుని మీ ఇద్దరే వెళ్లండి. ప్యాకేజీ టూర్లను నేను తప్పు పట్టను, మా అమ్మానాన్నలను అలాగే పంపించాను, వాళ్లకు హాయిగా జరిగింది. కానీ పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాం ఒక తెలియని ఊర్లో దారి వెతుక్కుంటూ, ఏం తిందాం, ఎక్కడ దిగుదాం అని ఒకరినొకరు అడుగుతూ తిరగడంలో ఉన్న సంతోషం నలభై మంది ఉన్న బస్సులో దొరకదు. ఆ వయసూ ఆ తీరికా మళ్లీ రావడం కష్టం.

అయితే ఆ ప్లాన్ మాత్రం మార్చాల్సిందే. నీది భయం కాదు, నీ లెక్క సరైనదే. 8 ఊర్లంటే 7 సార్లు ఊరు మారాలి. ఊరు మారిన ప్రతిసారీ పొద్దున్నే బ్యాగు సర్దుకోవడం, గది ఖాళీ చేయడం, బస్సో పడవో విమానమో పట్టుకోవడం, దిగాక కొత్త గది వెతుక్కోవడం, ఇంత జరిగేసరికి సాయంత్రం అవుతుంది. అలా 7 రోజులు దార్లోనే పోతాయి. మిగిలిన 9 రోజుల్లో 8 ఊర్లు చూడాలి. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి మీ ఆయన ముందు పెట్టు. లెక్కలు వేసే మనిషి కాబట్టి వింటాడు.

బాలికి జనవరి వానాకాలం. అదీగాక అక్కడికి విమానంలోనే పోవాలి, వీసా రుసుము వేరే. సింగపూర్‌కు మనకు ముందే వీసా తీసుకోవాలి, పైగా మీరు చూడబోయే ఊర్లన్నిటిలోకీ ఖర్చు ఎక్కువ. ఈ రెండూ కలిపి ఇంకోసారి వెళ్లండి. ఫుకెట్, క్రాబి రెండూ ఒకే సముద్రం ఒడ్డున ఎదురెదురుగా ఉండే చోట్లు, ఒకటి చాలు, నా ఓటు క్రాబికి. క్రాబి చూసేవాళ్లకు పట్టాయా అక్కర్లేదు. ఇక మిగిలేవి నాలుగు, థాయిలాండ్‌లో రెండు, మలేషియాలో రెండు. బ్యాంకాక్‌లో 4 రాత్రులు, రైల్లో ఒక రాత్రి, క్రాబిలో 4, పెనాంగ్‌లో 3, కౌలాలంపూర్‌లో 3. సరిగ్గా 15 రాత్రులు అయ్యాయి చూడు.

ఇప్పుడు నువ్వు అడిగిన మొదటి రోజుల సంగతి. మూడేళ్ల కిందట మేము కర్నూలు నుంచి శంషాబాద్ పోయి రాత్రి విమానం ఎక్కాం. బ్యాంకాక్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది, మనకు రాత్రే పోయి వాళ్లకు తెల్లవారుజామున దిగుతాం. అంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే. గదేమో మధ్యాహ్నం 2 గంటలకు గానీ ఇవ్వరు. ఆ 8 గంటలు చాలా చెడ్డవి చెల్లీ. మేము ఒక్కొక్కరం 14 కిలోల బ్యాగు మోస్తూ, సమయం వృథా ఎందుకని నేరుగా రాజభవనం చూడటానికి బయల్దేరాం. దారి తప్పి రెండుసార్లు అదే వీధి తిరిగాం. ఆయన ఫోన్ చూసుకుంటూ ముందు నడుస్తున్నాడు, నేను వెనకబడిపోయాను, పిలిస్తే వినపడలేదు. నది దగ్గర ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడ్చేశాను. ఆయన వెనక్కి వచ్చి ఏమైంది అని అడిగిన తీరుకు ఇంకా కోపం వచ్చింది. ఇద్దరం నోటికొచ్చినట్టు అనుకున్నాం. పెళ్లయ్యాక అంత పెద్ద గొడవ అదే.

పక్కన గాజు అద్దాల బండి మీద ముక్కలు కోసిన పండ్లు అమ్మే ఒకామె ఇదంతా చూస్తోంది. ఏమీ అనకుండా తను కూర్చునే ఎర్ర ప్లాస్టిక్ స్టూలు నా వైపు జరిపింది. ఒక పెద్ద జామకాయ తీసి, గింజల భాగం పక్కకు తోసి, కత్తితో టకటకా ముక్కలు చేసి కవర్లో వేసి, అందులో ఒక పొడవాటి పుల్ల గుచ్చి, చిన్న పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. విప్పితే ఉప్పు, చక్కెర, ఎండుకారం కలిపిన పొడి. మన బస్టాండు దగ్గర జామకాయ కోసి ఉప్పూకారం చల్లి ఇస్తారే, అదే. ఒక్క చక్కెరే తేడా. ఆ కవర్ మా ఇద్దరి మధ్య పెట్టుకుని తిన్నాం. సగం తినేసరికి గొడవ ఎందుకొచ్చిందో ఇద్దరికీ గుర్తు లేదు. నిద్ర లేదు, కడుపులో ఏమీ లేదు, నీళ్లు తాగలేదు. అంతే దాని వెనకున్న కారణం.

అందుకే చెబుతున్నా, దిగిన రోజున ఏదీ చూడకండి. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో క్షీరసాగర మథనం బొమ్మ పెద్దది ఉంది, దేవతలూ రాక్షసులూ వాసుకిని పట్టుకుని లాగుతుంటారు, అది బయల్దేరే ప్రయాణికుల వైపు ఉంటుంది. మీరు కౌలాలంపూర్ నుంచే తిరిగొస్తున్నారు కాబట్టి కనపడకపోవచ్చు, దాని కోసం వెతకొద్దు. ఎయిర్‌పోర్టులోనే సిమ్ తీసుకోండి, ముఖం కడుక్కుని ఏదైనా తినండి. అక్కడి నుంచి ఊర్లోకి రైలుంది, చివరి స్టేషన్ ఫయా థాయ్ దాకా 45 బాత్, బాత్ అంటే వాళ్ల డబ్బు. అక్కడ స్కైట్రైన్‌లోకి, అంటే వంతెన మీద నడిచే మెట్రోలోకి మారొచ్చు. నేరుగా లాడ్జికి పోయి బ్యాగులు కౌంటర్లో పెట్టండి. గది ఇవ్వకపోయినా బ్యాగులు పెట్టుకుంటారు, చాలాచోట్ల స్నానానికి బాత్రూమ్ కూడా చూపిస్తారు. డబ్బు పర్వాలేదనుకుంటే ముందు రోజు రాత్రికి కూడా కలిపి గది బుక్ చేయండి, దిగగానే మంచం మీద పడొచ్చు. నా మాట వింటే ఈ ఒక్క ఖర్చు దండగ కాదు.

గది మెట్రో స్టేషన్‌కు దగ్గరగా తీసుకోండి. బ్యాక్‌ప్యాకర్లు అనగానే అందరూ ఖావో సాన్ రోడ్ పేరు చెబుతారు. అక్కడ రాత్రంతా పాటల హోరు, పైగా దగ్గర్లో రైలు స్టేషన్ లేదు. చూడటానికి ఒక సాయంత్రం పోయి రండి చాలు. మొదటి నాలుగు రాత్రులూ డార్మిటరీ జోలికి పోకుండా, ఏసీ, కిటికీ, సొంత బాత్రూమ్ ఉన్న గది తీసుకోండి. పొదుపు తర్వాతి ఊర్లలో చేసుకోవచ్చు.

ఆ మధ్యాహ్నం పడుకుని సాయంత్రం 4కు లేవండి. స్కైట్రైన్‌లో సఫాన్ తక్సిన్ స్టేషన్‌కు పోతే దాని కిందే సాథోర్న్ రేవు. అక్కడ నారింజ రంగు జెండా ఉన్న పడవ ఎక్కండి, అది మన టౌన్ బస్సులాంటిది, ఆఫీసులకు పోయేవాళ్లూ స్కూలు పిల్లలూ ఎక్కుతారు, టికెట్ కొద్ది బాత్‌లే. టూరిస్టులకని వేరే పడవ కూడా ఉంటుంది, రేవులో ముందు దాని దగ్గరికే పిలుస్తారు, దానికి ధర ఎక్కువ. నీళ్ల మీద గాలి తగులుతుంటే వాట్ అరుణ్ (వాట్ అంటే గుడి) గోపురం మీద దీపాలు వెలగడం చూడండి. మన అరుణుడి పేరే అది. తిరిగొచ్చి తిని పడుకోండి. మొదటి రోజుకు అంతే.

రెండో రోజు పొద్దున్నే రాజభవనం. 8:30కు తెరుస్తారు, ఆ వేళకే గేటు దగ్గర ఉండాలి, టికెట్ 500 బాత్. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు ఉండాలి, నువ్వు చుడీదార్ వేసుకుంటే చాలు, మీ ఆయన షార్ట్ వేసుకొస్తే లోపలికి రానివ్వరు. అక్కడికి నడుస్తుంటే చక్కగా ఇంగ్లిషు మాట్లాడే పెద్దమనిషి ఎవరో ఎదురొచ్చి, ఈ రోజు ప్యాలెస్ మూసేశారు, ఏదో పూజ ఉంది, ఈ ఆటోలో పోతే వేరే గుళ్లు చూపిస్తారు అంటాడు. కచ్చితంగా అంటాడు. ఆ ఆటో రాళ్ల నగల షాపుకో కుట్టుపని షాపుకో తీసుకుపోతుంది. నమస్కారం పెట్టి ముందుకు నడవండి, గేటు దగ్గరికి పోయి మీ కళ్లతో చూసుకోండి.

లోపల వాట్ ఫ్రా కేయో గుడి చుట్టూ ఉన్న వసారా గోడల మీద రామాయణం మొత్తం గీసి ఉంటుంది, 178 చిత్రాలు. వాళ్లు రామకియెన్ అంటారు. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, రావణుడిని తోసకన్ అంటారు, అంటే మన దశకంఠుడే. జనమంతా బంగారు గోపురాల ముందు ఫొటోల్లో ఉంటారు, ఆ వసారాలో నీడా ఉంటుంది, తీరికగా నడవొచ్చు. చిన్నప్పుడు విన్న కథ ఇంత దూరంలో గోడల మీద కనపడితే నాకు ఒళ్లు పులకరించింది. ఒక గంట దానికే ఇవ్వండి. తర్వాత వాట్ ఫో, 46 మీటర్ల పడుకున్న బుద్ధుడు. పాదాల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభ చిహ్నాలు. వెనక వైపు గోడ పొడుగునా 108 గిన్నెలు ఉంటాయి, చిల్లర పైసలు తీసుకుని ఒక్కో గిన్నెలో ఒకటి వేస్తూ పోవాలి. ఆ టింగ్ టింగ్ శబ్దం హాలంతా వినిపిస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటి గంటకల్లా గదికి వచ్చేయండి.

ఎందుకంటే అక్కడి వేడి మన వేడి కాదు. అనంతపురం వాళ్లం, మనకు ఎండ ఒక లెక్కా అని అందరం అనుకుంటాం. మనది పొడి ఎండ, చెమట పట్టగానే ఆరిపోతుంది, నీడలోకి పోతే ప్రాణం లేచొస్తుంది. అక్కడ గాలి నిండా తేమ, చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు, నీడలో కూడా ఉక్కపోతే. జనవరిలో కొంచెం నయమే, అయినా మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయట తిరగకండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది తీసుకెళ్లు. చిరాకు మొదలైందంటే ముందు నీళ్లు తాగండి, ఆ తర్వాత మాట్లాడుకోండి.

మూడో రోజు ఒక పూట విడివిడిగా తిరగండి. కొత్తగా పెళ్లయినవాళ్లకు ఇదేం సలహా అనుకోకు. 16 రోజులు 24 గంటలూ పక్కపక్కనే ఉండటం ఇంట్లో కూడా ఎవరూ చేయరు. ఇంట్లో ఆయన లాప్‌టాప్ ముందు ఉంటాడు, నువ్వు స్కూలుకు పోతావు. అక్కడ ప్రతి నిమిషం ఇద్దరూ కలిసి నిర్ణయించాలి. ఆయన్ను తనకిష్టమైన చోటుకు పోనీ, నువ్వు ఒక్కదానివే ఏ బజారుకో పోయి బేరమాడి రా. సాయంత్రం 5కు ఫలానా చోట కలుద్దాం అనుకోండి. నేను ఒక్కదాన్నే ఆ ఊర్లో రైలెక్కి దిగి వచ్చిన రోజు తర్వాత నా భయం సగం పోయింది. ఆ సాయంత్రం చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా కబుర్లు ఉన్నాయి.

ఇంకో పద్ధతి మేము రెండో రోజు నుంచి పెట్టుకున్నాం. ఒక రోజు ఆయన చెప్పినట్టు, ఒక రోజు నేను చెప్పినట్టు. ఆ రోజు ఎవరిదైతే వాళ్లు దారి చూస్తారు, టికెట్లు కొంటారు, రెండోవాళ్లు వంకలు పెట్టకూడదు. బస్సు తప్పినా సరే. ఒకే ఒక్క మినహాయింపు, ఆకలి వేసినా కాళ్లు నొప్పి పుట్టినా ఎవరు చెప్పినా అప్పటికప్పుడు ఆగాల్సిందే. మీ ఆయన ముందు నడిచేవాడైతే నిన్ను ముందు నడవనివ్వమని చెప్పు. నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుంటే ఎవరూ వెనకబడరు.

నాలుగో రోజు బట్టలు ఉతికించుకోండి, వీధివీధికీ కిలో లెక్కన ఉతికిచ్చే షాపులుంటాయి. సీలోమ్ అనే రోడ్డు దగ్గర మన మారియమ్మన్ గుడి ఉంది, తమిళులు 1870ల్లో కట్టుకున్నది, థాయ్ వాళ్లూ దండలు తెచ్చి మొక్కుతుంటారు. చుట్టుపక్కల ఇడ్లీ దోసె దొరుకుతాయి. ఆ పూటకు మన తిండి తినండి.

ఇక నీ తిండి సంగతి, దీని మీద నువ్వు ఎక్కువ దిగులు పడుతున్నట్టున్నావు. అక్కడ వెజిటేరియన్ అంటే మాంసం ముక్క లేకపోతే చాలనుకుంటారు, చేపల సాస్ వేసేస్తారు, దాన్ని నామ్ ప్లా అంటారు, అది ఉప్పు లాగా ప్రతి దాంట్లో పడుతుంది. నువ్వు వెతకాల్సిన మాట జే. పసుపు రంగు జెండా మీద ఎర్రగా ఒక అక్షరం రాసి ఉంటుంది, ఆ కొట్లో మాంసం, చేప, గుడ్డు, చివరికి వెల్లుల్లి కూడా ఉండదు. వేరే చోట తినాల్సి వస్తే కిన్ జే అని చెప్పు, మై సై నామ్ ప్లా అంటే చేపల సాస్ వేయొద్దని. ఆడవాళ్లు చివర ఖా అనీ మగవాళ్లు ఖ్రాప్ అనీ చేరిస్తే మర్యాద. ఈ మాటలు థాయ్ లిపిలో ఫోన్లో ఫొటోగా పెట్టుకుంటే ఇంకా మంచిది. తెల్లన్నం, పండ్లు, మొక్కజొన్న, కొబ్బరి బోండాలు ఎక్కడైనా ఉంటాయి. నేను చెనిక్కాయల పొడి, కందిపొడి చెరో పావుకిలో తీసుకెళ్లాను. అన్నం కొని, పైన పొడి వేసుకుని, పక్కన కీరా ముక్కలు పెట్టుకుని ఎన్నిసార్లు తిన్నానో. బొరుగులు కూడా ఒక కవర్ పెట్టుకో, రైల్లో పనికొస్తాయి. ఊరగాయ మాత్రం చేతి బ్యాగులో పెట్టకు, నూనె ఉంటుంది కాబట్టి చెకింగ్‌లో తీసేస్తారు. పెనాంగ్ చేరాక నీకు ఇబ్బందే లేదు, అరిటాకు భోజనం, దోసెలు, పరోటాలాంటి రోటీ చనాయ్ అన్నీ దొరుకుతాయి. మీ ఆయన్ను మాత్రం రోడ్డు పక్కన తినాలనుకున్నది తిననివ్వు, నీకోసం ప్రతి పూటా జే కొట్టు చుట్టూ తిప్పకు. ఒకే బల్ల మీద ఎవరిది వాళ్లు తినొచ్చు.

డబ్బు. ఇద్దరి దగ్గరా వేర్వేరు బ్యాంకుల కార్డులు ఉండాలి, వేర్వేరు బ్యాగుల్లో ఉండాలి. థాయిలాండ్‌లో ఏటీఎం తీసిన ప్రతిసారీ రుసుము బాగానే పడుతుంది, అందుకని చిన్న చిన్నగా తీయకుండా ఒకేసారి తీసుకోండి. మిషన్ మీకు రూపాయల్లో లెక్క కట్టమంటారా అని అడిగితే వద్దని బాత్ నొక్కండి, రూపాయల్లో అయితే వాళ్లకు ఇష్టమొచ్చిన రేటు వేస్తారు. రోజూ పొద్దున్న ఆ రోజు ఖర్చు ఒక చిన్న పర్సులో పెట్టుకుని, ఆ రోజు ఎవరి వంతైతే వాళ్ల చేతికివ్వండి. నువ్వెందుకు కొన్నావు అనే మాట రాదు.

కాగితాలు త్వరగా చెప్పేస్తా. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. థాయిలాండ్ 2024 జూలై నుంచి మనవాళ్లకు వీసా లేకుండా 60 రోజులు ఇస్తూ వచ్చింది, మలేషియా 2023 డిసెంబర్ నుంచి 30 రోజులు ఇస్తోంది. ఇవి మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున ఆ దేశాల ఎంబసీ సైట్లలో చూసుకోండి. రెండు దేశాలకూ దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే సైటు కనపడితే అది నకిలీది, మూసేయండి. తిరుగు టికెట్, గదుల బుకింగులు ప్రింటు తీసి పెట్టుకోండి, మన ఎయిర్‌పోర్టులోనే అడుగుతారు. మీకు దేవనహళ్లి ఎయిర్‌పోర్టే దగ్గర, బెంగళూరు ఊర్లోకి పోకుండా హైవే మీదే వస్తుంది. హైదరాబాద్ టికెట్ కొంచెం తక్కువైనా అటు పోకండి, మొదటి రోజు అలసట ఇంటి దగ్గరే మొదలవుతుంది.

బ్యాంకాక్ నుంచి క్రాబికి రాత్రి రైలు నాకు చాలా ఇష్టం. పెద్ద స్టేషన్ ఇప్పుడు క్రుంగ్ తెప్ అఫివత్, దక్షిణం వైపు దూరపు రైళ్లు 2023 నుంచి అక్కడే ఎక్కాలి. రెండో తరగతి ఏసీ స్లీపర్, సాయంత్రం బయల్దేరి తెల్లవారాక సూరత్ థానీ చేరేది చూసుకో. కింది బెర్తు పైదానికంటే వెడల్పు. రాత్రికి ఒకతను వచ్చి సీట్లు లాగి, పరుపు పరిచి, తెల్లటి దుప్పటి వేసి, తెర కట్టిపోతాడు. ఏసీ చలి ఎక్కువ, శాలువా చేతిలో ఉంచుకో. సూరత్ థానీలో దిగితే క్రాబికి బస్సులుంటాయి. జనవరి రద్దీ కాలం, టికెట్లు ఇప్పుడే తీసుకోండి.

సముద్రం గురించి మాత్రం నొక్కి చెప్పాలి. మన కర్నూలు, అనంతపురం, కడప మూడింటికీ సముద్రం లేదు. మన మగపిల్లలు బావుల్లో, కాలువల్లో ఈత నేర్చుకుంటారు. మీ ఆయన నాకు ఈత వచ్చు అంటే అది బావి ఈత. బావిలో నీళ్లు కదలవు. సముద్రంలో ఒక్కోచోట అలలు ఒడ్డుకొచ్చి తిరిగి లోపలికి పోయే నీళ్లన్నీ ఒక సన్నటి దారిలో పోతాయి, అందులో పడితే ఎంత బలమున్నవాడినైనా లోపలికి లాగేస్తుంది. అప్పుడు ఒడ్డు వైపు ఎదురీదితే అలిసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి, ఆ లాగుడు దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రాని నువ్వు మోకాళ్ల లోతు దాటకు, ఎర్ర జెండా ఉంటే ఇద్దరూ నీళ్లలో దిగొద్దు. ఈ మాట మీ ఆయనకు నా పేరు చెప్పి మరీ చెప్పు.

క్రాబిలో ఆవో నాంగ్ అనే చోట గది తీసుకోండి. అక్కడి నుంచి ‘రైలే’ అనే బీచ్‌కు పడవలోనే పోవాలి, వెనక నిట్టనిలువు సున్నపురాయి కొండలు ఉండటంతో రోడ్డు లేదు. పొడవాటి చెక్క పడవ, ముక్కుకు రంగురంగుల గుడ్డలు కట్టి ఉంటాయి. ఎనిమిది మంది పోగయ్యాక బయల్దేరుతుంది, పావుగంట ప్రయాణం. ఎక్కేటప్పుడు మోకాళ్ల దాకా నీళ్లలో నడిచి, ఊగుతున్న నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. చెప్పులు చేతిలో, ఫోన్ నీళ్లు దూరని సంచిలో. ఎక్కగానే లైఫ్ జాకెట్ అడుగు, ఎవరూ వేసుకోకపోయినా నువ్వు వేసుకో, బకిల్ పెట్టుకో. ఆ పడవ కొండల పక్క నుంచి పోతుంటే నీళ్లు ఆకుపచ్చగా మారతాయి, నాకు నోట మాట రాలేదు. అక్కడ కోతులు మన అహోబిలం కోతుల కంటే తక్కువేం కాదు, కవర్ కనపడితే లాక్కుంటాయి. జెల్లీచేప కుడితే చోటు రుద్దకుండా వెనిగర్ పోయాలి, కొన్ని బీచ్‌లలో అందుకోసమే సీసాలు పెట్టి ఉంటారు.

బట్టల గురించి నువ్వు అడగలేదు కానీ అడగాలనుకుని ఉంటావు. లెగ్గింగ్, పొడుగు చేతుల టీ షర్ట్ వేసుకుని నీళ్లలో దిగు, అక్కడ నిన్ను ఎవరూ పట్టించుకోరు, వేరేవాళ్లు ఏం వేసుకున్నా నువ్వూ పట్టించుకోకు. కాటన్ మాత్రం వద్దు, తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది.

మీ ఆయన స్కూటర్ అద్దెకు తీసుకుంటానంటాడు. అక్కడా మనలాగే ఎడమ వైపు నడుపుతారు కాబట్టి తేలికనిపిస్తుంది. బండికి వర్తించే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీవో ఆఫీసులో ముందే తీసుకుంటేనే ఒప్పుకో. అది లేకుండా పడితే ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరు, అక్కడ ఆసుపత్రి ఖర్చు మామూలుగా ఉండదు. హెల్మెట్ ఇద్దరికీ. డిపాజిట్‌గా పాస్‌పోర్టు అడిగితే ఆ కొట్టు వదిలేయండి. ఎక్కడా ఎవరికీ పాస్‌పోర్టు ఇచ్చి రాకూడదు. ప్రయాణ ఇన్సూరెన్స్ ఇద్దరికీ తప్పకుండా చేయించండి.

క్రాబి నుంచి పెనాంగ్‌కు హాట్ యాయ్ మీదుగా వ్యాన్లుంటాయి, ఒక పగలంతా పడుతుంది. సరిహద్దు దాటగానే గడియారం గంట ముందుకు జరుపుకోండి. కౌలాలంపూర్‌లో బటూ గుహల 272 మెట్లు పొద్దున్నే ఎక్కేయండి. అప్పటికి మీరు ఆరితేరి ఉంటారు, ఆ ఊర్ల గురించి నేను చెప్పాల్సిన పని లేదు.

మీ అత్తమ్మ. ఆమెను తక్కువ చేసి మాట్లాడొద్దు చెల్లీ. ఉద్యోగాలని చెప్పి మన తెలుగు పిల్లలను బ్యాంకాక్ మీదుగా తీసుకుపోయి సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన వార్తలు ఆమె టీవీలో చూసి ఉంటుంది. అవి నిజంగా జరిగాయి. ఆమె దగ్గర కూర్చుని, అది ఉద్యోగమని నమ్మి పోయినవాళ్లకు జరిగిందమ్మా, మేము తిరుగు టికెట్‌తో పోతున్నాం, ఎవరు ఏ పని ఇప్పిస్తామన్నా వాళ్లతో మాట్లాడం అని చెప్పు. ఏ రోజు ఏ ఊరు, ఏ గది, ఏ ఫోన్ నంబరు అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించు. థాయిలాండ్ టూరిస్ట్ పోలీస్ 1155 అని కూడా రాయి. రోజుకు ఒకే వేళ పెట్టుకుని వీడియో కాల్ చేయండి. మేము వాళ్ల రాత్రి 8:30కు, అంటే మన 7 గంటలకు చేసేవాళ్లం. ఆ వేళ తప్పితే ఆమెకు నిద్ర పట్టదు, కాబట్టి రైలెక్కే రోజు ఈ రాత్రి సిగ్నల్ ఉండకపోవచ్చని ముందే చెప్పండి. మొదటి ఫోన్ మీ ఆయన చేత కాకుండా నువ్వు చెయ్యి. ఆమెకు బెంగ నీ మీదే ఎక్కువ ఉంటుంది.

ఇక ఈ ఆదివారం ఒక పని చేయండి. పూర్తిగా సర్దిన బ్యాగులు వేసుకుని పొద్దున్నే రైల్లో గుత్తికి పోయి కోట ఎక్కండి. ఒక్కో బ్యాగు 7 కిలోలు దాటకూడదు, చౌక విమానాల్లో చేతి సామానుకు ఎక్కువగా అంతే ఒప్పుకుంటారు. పైదాకా బ్యాగులు దించకుండా ఎక్కండి, ఎవరు ముందు అలిసిపోతారో, ఎవరికి ఆకలికి కోపం వస్తుందో, పట్టీ ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడే తెలుస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగులు మంచం మీద బోర్లించి, మోసినందుకు నడుము నొప్పి పెట్టించిన వాటిలోంచి సగం తీసేయండి. రెండో జత జీన్స్ ముందు తీయండి. అక్కడి తేమకు ఒకసారి తడిస్తే రెండు రోజులైనా ఆరవు.